మారిన పేర్లు, చెరిగిన పేర్లు

ఉట్నూరులో చరిత్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఆ రోజు కాకతీయ రాజ్యం పడిపోవడం గురించి చెబుతున్నాను. 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును ముట్టడించడం, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చడం, ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బందీగా వెళుతూ నర్మద ఒడ్డున చనిపోవడం. వెనక బెంచీ నుంచి ఓ అబ్బాయి ముందు వరుసలో కూచున్న ముస్లిం అమ్మాయిని చూపిస్తూ "వీళ్లే గదా మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నోట్సు రాసుకుంటున్నట్టు తల దించుకుంది. నేను అబ్బాయిని కోప్పడ్డాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

క్లాసు అయిపోయాక ఆ పిల్ల స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడింది. "మేం యాడికెల్లి వచ్చినం మేడం? మా దాదీకి ఉర్దూ సక్కగ రాదు. గోండీ వస్తది, మరాఠీ వస్తది, తెలుగు వస్తది. ఢిల్లీల పుట్టినోళ్లకు గోండీ ఎట్ల వస్తది?" అని అడిగింది. కాసేపాగి, "దాదీ వాళ్ల దాదీ పేరేందంటే మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వది" అంది.

ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. ఇంటికెళ్లాక తట్టింది, మా నాయనమ్మ వాళ్ల నాయనమ్మ పేరు నాకూ తెలియదని. మా ఇంట్లో తాత ముత్తాతల పేర్లు ఐదు తరాల దాకా తద్దినాల పుణ్యమా అని బతికే ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు రెండు తరాలు దాటితే "ఫలానా వారి ఆడపడుచు" అని పుట్టింటి ఊరి పేరుగా మిగిలాయి. మతం మారని ఇంట్లోనే ఇట్లా ఉంటే, మారిన ఇంట్లో ఎవరి పేరు నిలుస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

*

ఇస్లాంలోకి మొట్టమొదట వెళ్లిన తెలుగు మనిషి ఎవరో చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ జీవితకథ చెప్పుకోగలిగినంత వివరంగా దొరికే తొలి తెలుగువాళ్లలో ఒకాయన ఉన్నాడు. ఢిల్లీ చరిత్రలో ఆయన పేరు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్. తిలంగ్ దేశం వాడు కాబట్టి తిలంగానీ అన్నారు. ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరుగా పద్దెనిమిదేళ్ల పాటు రాజ్యం నడిపాడు.

ఆయన కథను కాస్త తీరిగ్గా చెప్పినవాడు షమ్స్ సిరాజ్ అఫీఫ్. ఫిరోజ్ షా పాలన గురించి పారసీలో తారీఖ్-ఎ-ఫిరోజ్ షాహీ రాశాడు. మక్బూల్ అసలు పేరు కన్ను అనీ, తిలంగ్ రాజు దగ్గర బాగా పలుకుబడి ఉన్నవాడనీ, రాజుతో పాటు ఢిల్లీకి తరలించారనీ, రాజు దారిలో చనిపోయాక ఆయన సుల్తాను ముందుకొచ్చి కలిమా చదివాడనీ అఫీఫ్ చెబుతాడు. అప్పుడు పెట్టిన పేరు మక్బూల్. అంటే అంగీకరించబడినవాడు అని అర్థం.

కన్ను అంటే గన్న, అంటే గన్నయ. పాత పారసీ రాతలో క, గ అక్షరాలకు తేడా చాలాచోట్ల కనిపించదు. ప్రతాపరుద్రుడి సేనానుల్లో నాగయ గన్నయ నాయకుడు ఒకడున్నాడు. తిక్కన శిష్యుడైన మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఈ గన్నయా, ఆ కన్నూ ఒకరేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఒక్క క్షణం ఆగి ఆ పుస్తకం గురించి ఆలోచించండి. హరిశ్చంద్రుడు భార్యను అమ్ముకునే కథ అందులో ఉంది. ఉయ్యాలలోనే బిడ్డలకు వైరాగ్యం బోధించిన మదాలస కథ ఉంది. తర్వాత అల్లసాని పెద్దన చేతిలో మనుచరిత్రగా పెరిగిన వరూధినీ ప్రవరుల కథ ఉంది. దేవీ మాహాత్మ్యం ఉంది. అమ్ముడైన ఆడది, బోధించిన ఆడది, కోరుకున్న ఆడది, రాక్షసుల్ని చంపిన ఆడది, అందరూ ఉన్న పుస్తకాన్ని ఆయన కృతిగా అందుకున్నాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఆయన బందీ. అఫీఫ్ ఆయన్ని చదవనూ రాయనూ రానివాడంటాడు. తెలుగు పురాణాన్ని అంకితం పుచ్చుకున్న మనిషికి చదువు రాదనడంలో ఢిల్లీ దర్బారు చూపు తెలుస్తుంది. పారసీ రాకపోతే చదువు రానట్టే. ఇంగ్లీషు రాని మన తల్లుల్ని మనం ఏమన్నామో గుర్తుచేసుకుంటే ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

మక్బూల్ తెలివితేటలు చూసి మహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయన్ని పైకి తెచ్చాడు. ఖివాముల్ ముల్క్ అనే బిరుదు, ముల్తాన్ మీద అధికారం, నాయబ్ వజీరు పదవి వచ్చాయి. ఆయన వేసే ముద్రలో తనను మహమ్మద్ తుగ్లక్ బానిసగా చెప్పుకునేవాడని అఫీఫ్ అంటాడు. 1330ల మధ్యలో సుల్తాను తరఫున ఓరుగల్లులో ఉన్నది కూడా మక్బూలేనని మరో చరిత్రకారుడు బరనీ రాతల వల్ల తెలుస్తుంది. ఏ కోటను కాపాడే సైన్యంలో ఉన్నాడో ఆ కోటలోకి పరాయి ప్రభువు మనిషిగా తిరిగొచ్చాడు. అప్పుడు కాపయ నాయకుడు తిరగబడ్డాడు. మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడు. మనం దీన్ని హిందువులకూ ముస్లింలకూ జరిగిన పోరుగా చదువుకుంటాం. అక్కడ తలపడింది ఇద్దరు తెలుగు నాయకులు. గెలిచిన కాపయ కూడా ఆంధ్ర సురత్రాణ అనే బిరుదు పెట్టుకున్నాడు. సురత్రాణ అంటే సుల్తానే. మాట అవతలి వాళ్లదే, తీసుకున్నది ఇవతలి మనిషి.

1351లో మహమ్మద్ తుగ్లక్ సింధులో చనిపోయాడు. ఢిల్లీలో ఉన్న వజీరు ఒక పసివాణ్ని గద్దె మీద కూచోబెట్టాడు. మక్బూల్ ఊరు దాటి వెళ్లి ఫిరోజ్‌ను కలిశాడు. ఆ సాయాన్ని ఫిరోజ్ మరిచిపోలేదు. ఖాన్-ఎ-జహాన్ బిరుదిచ్చి వజీరును చేశాడు. సుల్తాను బెంగాలు మీదికో సింధు మీదికో దండెత్తి వెళితే రాజధానిని చూసుకున్నది మక్బూలే. హిజ్రీ 770లో, అంటే 1368-69 ప్రాంతంలో చనిపోయాడు. కొడుకు జౌనా షా అదే బిరుదుతో వజీరయ్యాడు. ఢిల్లీలోని ఖిడ్కీ మసీదు, తుర్క్‌మన్ గేటు దగ్గరి కలాన్ మసీదు ఆ కొడుకు కట్టించినవే. నిజాముద్దీన్ దర్గాకు దగ్గరలో తండ్రి సమాధి ఉంది. ఢిల్లీలో ఎనిమిది పలకలుగా కట్టిన మొదటి సమాధి అదేనంటారు. తర్వాత సయ్యద్, లోడీ సుల్తానులు అదే తీరు కట్టుకున్నారు.

ఇది ఘనమైన కథే. కానీ ఇందులో ఆడవాళ్లేరీ?

*

ఉన్నారు, ఒక అంకెగా. మక్బూల్ జనానాలో రూమ్ నుంచి చీన్ దాకా ఉన్న దేశాల స్త్రీలు రెండు వేలమంది ఉండేవారట. ఇది అఫీఫ్ చెప్పిన లెక్క. అది అతిశయోక్తి కావచ్చు. దర్బారు చరిత్రల్లో సైన్యాలూ అంతఃపురాలూ ఎప్పుడూ గుండ్రటి అంకెల్లోనే ఉంటాయి. బిడ్డలు ఎక్కువమంది పుడుతుంటే సుల్తాను వాళ్లకు భత్యాలు కూడా కట్టాడు. కొడుక్కి పదకొండు వేల టంకాలు, అల్లుడికి పదిహేను వేలు. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. కొడుక్కి కొడుకు పేరునే వచ్చింది. కూతురికి వచ్చింది అల్లుడి పేరున వచ్చింది. ఖజానా లెక్కలో కూడా కూతురు లేదు.

ఈ రెండు వేలమంది ఎక్కడివాళ్లు? తుగ్లక్ కాలపు ఢిల్లీలో ఆడమనిషిని కొనుక్కోవచ్చు, యుద్ధంలో పట్టుకోవచ్చు, బహుమతిగా అందుకోవచ్చు. ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్న ఇబ్న్ బతూతా పండుగ దర్బారు గురించి రాశాడు. ఆ ఏడాది ఓడిపోయిన రాజుల కూతుళ్లను తీసుకొచ్చి పాడించి, ఆడించి, అమీర్లకు పంచిపెట్టేవారట. ఫిరోజ్ షా దగ్గర లక్షా ఎనభై వేలమంది బానిసలుండేవారని అఫీఫే చెబుతాడు. ఆ ఇళ్లలోకి వెళ్లిన ఆడపిల్ల మతం మారిందా లేదా అని ఎవరూ అడగరు. ఆమె యజమాని మతమే ఆమె మతం. మక్బూల్ సుల్తాను ముందు నిలబడి కలిమా చదివిన సంగతి చరిత్ర. ఆయన ఇంట్లోకి వచ్చిన స్త్రీ ఏ భాషలో ఏ దేవుణ్ని తలుచుకుని వెక్కి ఏడ్చిందో దానికి చరిత్ర లేదు.

ఇంకో ప్రశ్న నన్ను వదలలేదు. 1323కు ముందు గన్నయకు ఓరుగల్లులో ఇల్లూ వాకిలీ ఉండే ఉంటాయి కదా. ఇల్లాలు ఉండే ఉంటుంది. ఆమె కోటలోనే ఉండిపోయిందా, బందీగా వెళ్లిందా? వెళితే ఆయనతో పాటు మారిందా? బతికున్న మొగుడు పరాయి మతంలో కలిసిపోతే ఆ రోజుల్లో ఆమెను ముత్తైదువ అన్నారా, విధవ అన్నారా? అఫీఫ్ చెప్పిన కథలో తల్లి లేదు, ఇల్లాలు లేదు. మక్బూల్ గురించి ఇవాళ మాట్లాడేవాళ్లు రెండు పక్కల చేరతారు. ఒకరు ద్రోహి అంటారు, ఇంకొకరు బలవంతంగా మార్చారంటారు. అసలు ఆయన గడుసుగా ఎదిగాడని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ముగ్గురూ చూస్తున్నది ఆయన్నే. ఆయన నిర్ణయం ఎవరి బతుకును ఎటు తిప్పిందని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు.

తెలుగు జ్ఞాపకం చేసింది మరీ చిత్రం. ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి పట్టుకుపోయిన కథ మనకు బాగా తెలిసింది వేదం వేంకటరాయ శాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకం వల్ల. అది 1897 నాటిది. అందులో మంత్రి యుగంధరుడు పిచ్చివాడిలా నటించి ఢిల్లీ సుల్తాన్నే ఎత్తుకొస్తాడు. రాజు కోసం ఢిల్లీ వెళ్లి గెలిచిన మంత్రిని మనం వేదిక మీద కూచోబెట్టుకున్నాం. ఢిల్లీ వెళ్లి అక్కడివాడైపోయిన మనిషిని మరిచిపోయాం. ఓడిపోయిన జాతి తన ఊరటకు ఇట్లాంటి కథలు అల్లుకుంటుంది, తప్పు పట్టను. కానీ ఆ మరుపు వల్లే "వీళ్లే గదా" అనే మాట క్లాసులో అంత తేలిగ్గా వచ్చింది. తెలుగువాళ్లు మారారని ఒప్పుకుంటే, ముస్లింలంటే వచ్చినవాళ్లు అనే లెక్క తప్పుతుంది.

*

అదే అఫీఫ్ పుస్తకం మొదట్లో ఇంకో మార్పు కథ ఉంది. అది ఫిరోజ్ షా తల్లి కథ. నా మటుకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన పేజీలు అవే.

అల్లావుద్దీన్ ఖిల్జీ కాలం. తర్వాత ఢిల్లీ సుల్తానైన గాజీ మాలిక్ తుగ్లక్ అప్పుడు దీపాల్‌పూర్ అధికారి. తమ్ముడు రజబ్‌కు ఆ ప్రాంతపు రాజు రాణా మల్ భట్టి కూతుర్ని అడిగించాడు. రాణా మల్ ఒప్పుకోలేదు. దాంతో ఏడాది శిస్తు మొత్తం ఒక్కసారిగా రొక్కంగా కట్టమని తుగ్లక్ మనుషులు ఊళ్ల మీద పడ్డారు. రెండు మూడు రోజుల్లోనే జనం అల్లాడిపోయారు. రాణా మల్ తల్లి ఏడుస్తూ కొడుకు ఇంటికొచ్చింది. వాకిట్లో ఉన్న మనవరాలు ఎందుకేడుస్తున్నావని అడిగింది. నీ వల్లే అని చెప్పింది ముసలమ్మ. నన్ను ఇచ్చేస్తే ఊరికి ఈ బాధ తప్పేటట్టయితే ఇచ్చేయండి, కూతుళ్లలో ఒకదాన్ని మంగోలులు ఎత్తుకుపోయారనుకోండి అని ఆ పిల్ల చెప్పిందట. ఇచ్చేశారు. ఆమె పేరు బీబీ నాయిలా. అత్తింటి వాళ్లు కద్‌బానూ అని పేరు మార్చారు. 1309లో ఆమెకు పుట్టినవాడే ఫిరోజ్.

అఫీఫ్ దీన్ని త్యాగంగా రాస్తాడు. సుల్తాను తల్లి కాబట్టి గౌరవంగానే రాస్తాడు. పైగా ఈ సంబంధం విషయంలో తుగ్లక్‌కు సలహా ఇచ్చింది తన ముత్తాతేనని కూడా చెప్పుకుంటాడు. బహుశా వాళ్ల ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న కథ కావడం వల్లే ఆ ముసలమ్మ ఏడుపు, వాకిట్లో పిల్ల అడిగిన ప్రశ్న ఇంత స్పష్టంగా మిగిలాయి. ఆ మాటల్ని మనం త్యాగంగా చదవాల్సిన పని లేదు. శిస్తుకు బదులు ఒక పిల్లను జమకట్టారు. తన ఖరీదు ఎంతో ఆ పిల్లే లెక్కగట్టి చెప్పింది.

ఈ రెండు మార్పుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరిదీ ఒత్తిడి కింద జరిగిన మార్పే. ఓడిపోయిన రాజు మనిషిగా గన్నయ ముందున్న దారులు రెండో మూడో. నాయిలా ముందున్నవి అంతకన్నా తక్కువ. ఇద్దరి పేర్లూ మారాయి. కానీ ఆయన కొత్త పేరుతో పదవి, ఆస్తి, సమాధి, మసీదులు కట్టించే కొడుకు వచ్చాయి. ఆమె కొత్త పేరుతో కాపురం వచ్చింది. ఆయన మారడాన్ని మతం మార్పు అన్నారు. ఆమె మారడాన్ని పెళ్లి అన్నారు.

నన్ను కదిలించింది ఈ చివరి సంగతే. ఆడపిల్ల ఇల్లు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఇలవేల్పు మారుతుంది, తిండి మారుతుంది, కొన్ని ఇళ్లల్లో అత్తగారు పిలిచే పేరు కూడా మారుతుంది. ఇది ఏ మతంలోనైనా జరిగేదే కాబట్టి దీన్ని మార్పు అని ఎవరూ రాయరు. మగవాడు మారితే అది వార్త. ఆడది మారితే అది ఆచారం. అందుకే మతాల మార్పిడి చరిత్రలో స్త్రీలు కనిపించకపోవడం ఒక్క అఫీఫ్ చేసిన తప్పు కాదు. మన ఇళ్లు రోజూ చేస్తున్న పనినే ఆయనా చేశాడు.

*

అయితే ఎక్కడా ఆడవాళ్ల పేర్లు మిగల్లేదా? మిగిలాయి. ఎక్కడ మిగిలాయో చూస్తే కొంత అర్థమవుతుంది.

ఇస్లాంను నమ్మిన మొదటి మనిషి స్త్రీ. ప్రవక్త భార్య ఖదీజా. ఆమెకు సొంత వర్తకం ఉంది, ఆయన ఆమె దగ్గర పనిచేశాడు. తన నమ్మకం కోసం చంపబడిన మొదటి మనిషి కూడా స్త్రీయే. ఆమె సుమయ్య. ఆమెకు వర్తకం లేదు, వంశబలం లేదు, బానిసగా బతికిన మనిషి. అయినా పేరు నిలిచింది. ఉమర్ ఇస్లాంను ద్వేషిస్తున్న రోజుల్లో ఆయన చెల్లెలు ఫాతిమా అప్పటికే మారింది. అన్న కొడితే రక్తం కారుతూ కూడా వెనక్కి తగ్గలేదని, అది చూసే ఆయన మనసు మారిందని చెబుతారు. అక్కడ మారడమంటే ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవడం. అన్న కంటే ముందు చెల్లెలు, యజమాని కంటే ముందు బానిస మారవచ్చు. రాజ్యం చేతిలో ఇంకా లేని రోజులవి. ఏడు వందల ఏళ్ల తర్వాత అదే మతం రాజ్యంగా మన దాకా వచ్చేసరికి మగవాడి పేరు ఒక్కటే లెక్కకొచ్చింది.

మన పక్కన కూడా చూద్దాం. కాకతీయుల కాలపు గుడి శాసనాల్లో ఆడవాళ్ల పేర్లు బోలెడు ఉన్నాయి. రాణులవీ, నాయకుల భార్యలవీ, గుడి సానులవీ. దానం ఇవ్వగలిగినవాళ్ల పేరు రాయి మీదికెక్కింది. ఓరుగల్లు పతనం తర్వాత ముసునూరి నాయకులు ఎట్లా పైకొచ్చారో చెప్పే కలువచేరు శాసనం 1423లో ఒక రెడ్డి రాణి వేయించింది, ఆమె పేరు అనితల్లి. ఆ కాలపు చరిత్ర మనకు తెలిసిన దారుల్లో ఒకటి ఒక ఆడమనిషి చేసిన దానం. అంతకుముందు రుద్రమదేవి గద్దెనెక్కడానికి రుద్రదేవ మహారాజు అనే మగపేరు పెట్టుకోవాల్సి వచ్చింది. పాలించాలంటే పేరు మార్చుకోవాల్సిన స్త్రీ ఆమె. ప్రతాపరుద్రుడు ఆమె మనవడే, ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు.

అంటే ఆస్తి ఉంటే రాయి మీద, రాజుకు తల్లయితే పుస్తకంలో, నమ్మినవాళ్ల గుంపు తన మనిషి అనుకుంటే జ్ఞాపకంలో పేరు మిగులుతుంది. ఈ మూడూ లేని వాళ్ల పేర్లు ఎక్కడ వెతకాలి?

దక్కనులో ఒక దారి ఉంది. బీజాపూర్ ప్రాంతపు సూఫీల దక్కనీ పాటల మీద రిచర్డ్ ఈటన్ 1974లో ఒక వ్యాసం రాశాడు. చక్కీనామాలు, చర్ఖానామాలు అనే పాటలవి. తిరగలి విసురుతూ, రాట్నం తిప్పుతూ ఆడవాళ్లు పాడుకునేవి. తిరగలి పిడినీ, ఇరుసునీ, పిండినీ దేవుడి పేరుతో కలిపి పాడతారు. కత్తి పట్టిన వాళ్లు కోటల్ని గెలిస్తే, ఇస్లాం ఊళ్లలోని ఇళ్లలోకి వెళ్లింది ఈ పాటల వెంట అని ఆయన వాదన. తిరగలి ముందు కూచున్న ఆడది తన పిల్లలకు నేర్పింది, పిల్లలు వాళ్ల పిల్లలకు. ఏ సుల్తాను ముందూ నిలబడి కలిమా చదవలేదు. ఒక్క రోజులో మారలేదు. రెండు మూడు తరాల్లో నెమ్మదిగా, పాటతో పాటు పీరీల పండుగతో పాటు, పాత అమ్మవారిని పూర్తిగా వదలకుండానే మారారు. ఉట్నూరు పిల్ల దాదీకి గోండీ, మరాఠీ, తెలుగు రావడానికి కారణం ఆ ముసలమ్మ ఎక్కడినుంచో రాకపోవడమే కావచ్చు.

*

కొన్నాళ్ల తర్వాత మళ్లీ అదే క్లాసులో ఈ పాఠం చెప్పాను. ఈసారి మక్బూల్‌ను చెప్పాను, నాయిలాను చెప్పాను. వెనక బెంచీ అబ్బాయి ఏమీ అనలేదు. ఓ గోండు అమ్మాయి లేచి, "మా రాజులల్ల ఎవరన్న మారిండ్రా మేడం?" అని అడిగింది.

మారారు. ఉట్నూరుకు ఉత్తరాన, మధ్యభారతంలో దేవగఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్ ఔరంగజేబు కాలంలో, 1686లో ముస్లిం అయ్యాడు. నాగపూరు నగరానికి పునాది వేసింది ఆయనే. ఆయన తర్వాత చాంద్ సుల్తాన్ పాలించాడు. 1730ల చివర చాంద్ సుల్తాన్ చనిపోగానే వలీ షా గద్దె లాక్కున్నాడు. చాంద్ సుల్తాన్ భార్య పసివాళ్లయిన ఇద్దరు కొడుకుల హక్కు కోసం బేరారు నుంచి రఘోజీ భోంస్లేను సాయం పిలిచింది. రఘోజీ వచ్చాడు, వలీ షాను దించాడు, కొడుకుల్ని గద్దెనెక్కించాడు. కొన్నేళ్లలో నాగపూరును తనే తీసుకున్నాడు. పెద్ద కొడుకు బుర్హాన్ షాకు పింఛను మిగిలింది. చిన్నవాడు అక్బర్ షా హైదరాబాదు చేరి అక్కడే విషప్రయోగానికి చనిపోయాడంటారు. గోండు రాజ్యం పోవడానికి ఆమే కారణమని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. సాయం పేరుతో వచ్చి రాజ్యం మింగిన మగవాడి కంటే, సాయం అడిగిన ఆడదాని మీద నింద వేయడం ఎప్పుడూ తేలికే.

ఆమె పేరు రతన్ కువర్. మామ వైపు బఖ్త్ బులంద్, భర్త చాంద్ సుల్తాన్, కొడుకులు బుర్హాన్ షా, అక్బర్ షా. ఆ వరుసలో ఆ ఒక్క పేరు మాత్రం మారలేదు. ఎందుకు మారలేదో ఎవరూ రాయలేదు. మారాలని ఎవరూ అడగలేదేమో, అడిగితే ఆమె ఒప్పుకోలేదేమో. నాకు మాత్రం ఆ పేరు దగ్గర ఊపిరాడింది. ముస్లిం పేర్ల ఇంట్లో పాత పేరుతోనే బతికి, దర్బారులో ఆ పేరుతోనే బేరమాడిన స్త్రీ ఒకరుండేవారు.

బోర్డు మీద నాలుగు పేర్లు రాశాను. గన్నయ కింద మక్బూల్, నాయిలా కింద కద్‌బానూ. ఐదో గీత గీసి ఖాళీగా వదిలేశాను. మక్బూల్ ఇంటి స్త్రీలకు అది. పిల్లలు ఆ ఖాళీ గీతను కూడా నోట్సులో దించుకున్నారు.

ఆ ముస్లిం అమ్మాయి తర్వాత వారం ఒక కాగితం తెచ్చింది. ఇంట్లో ముసలివాళ్లను అడిగి రాసుకొచ్చిన ఆడవాళ్ల పేర్లు. మూడు తరాలు వెళ్లగలిగింది. మూడో తరం దగ్గర పేరు లేదు. "తిరగలి పాటలు బాగా పాడేదట" అని రాసి ఉంది.

నేనూ మా ఇంటి కాగితం మొదలుపెట్టాను. ఇంకా రెండో తరం దాటలేదు.